వంతు నిద్ర

తెరచాప పడవలతో భూమిని చుట్టివచ్చే ఓషన్ రేస్ 1973లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ నుంచి మొదలైంది. 2008 డిసెంబరులో ఆ పోటీ పడవలు మన కొచ్చిలోనూ ఆగాయి.

పడవలో పగలూ రాత్రీ ఒక్కటే. సాధారణంగా నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి. ఒకరు లేచిన పడకలో, వెచ్చదనం ఆరకముందే మరొకరు నడుం వాలుస్తారు. కాళ్లు పడవ ముందువైపుకు చాపి పడుకుంటారు. పడవ దేన్నైనా ఢీకొంటే తలకు దెబ్బ తగలకూడదని. సముద్రపు నీటిలో ఉప్పు తీసి, కాచి, పొడి ఆహారంలో కలుపుకుని తింటారు. పడవ మలుపు తిరిగితే బరువైన తెరచాపల మూటలన్నీ గాలి వచ్చే వైపుకు మోసుకెళ్లి పేర్చాలి. అప్పుడు నిద్రలో ఉన్నవాళ్లూ లేవాల్సిందే.

ఒకరు తమ వంతుకు ఆలస్యమైతే ఇంకొకరి నిద్ర తరిగిపోతుంది. అందుకే అక్కడ సమయపాలనే తోటివారికిచ్చే గౌరవం.