ఎండలో మ్యాచ్, వేడెక్కే కెమెరా

కబడ్డీ పోటీ అంటే 20 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. సరిగ్గా ఆట రసపట్టులో పడ్డప్పుడే మిర్రర్‌లెస్ కెమెరా వేడెక్కి ఆగిపోతే ఎంత బాధో పడినవారికే తెలుసు.

వీడియో తీస్తున్నంతసేపూ లోపల సెన్సరూ ప్రాసెసరూ క్షణం తీరిక లేకుండా పనిచేస్తాయి. చాలా కెమెరాల్లో ఫ్యాను ఉండదు. ఆ వేడంతా బాడీ గుండానే బయటికి పోవాలి. 2020లో వచ్చిన కెనాన్ ఆర్5 కెమెరా 23 డిగ్రీల చల్లదనంలో కూడా 8కె వీడియోను సుమారు 20 నిమిషాలే తీయగలదని కంపెనీయే ప్రకటించింది. మన మే నెల ఎండలో ఆ సమయం ఇంకా తగ్గుతుంది.

అందుకే ముందుగా 4కె, 60 ఫ్రేముల మోజు వదలండి. ఫుల్ హెచ్‌డీ చాలు, రైడరు కాలు గీత తాకిందో లేదో అందులోనూ తెలుస్తుంది. స్క్రీనును బాడీకి ఆనించి ఉంచకుండా పక్కకు తెరిస్తే వెనకవైపు గాలి ఆడుతుంది. ట్రైపాడ్‌కు గొడుగు కట్టండి, నల్లదైతే వద్దు. మెనూలో ఉష్ణోగ్రత పరిమితి పెంచే వీలుంటే పెంచండి. అప్పుడు బాడీ చురుక్కుమంటుంది కాబట్టి చేత్తో పట్టుకుని తీయకండి. విరామం రాగానే కెమెరా పూర్తిగా ఆపేసి నీడన ఉంచండి. త్వరగా చల్లబడుతుందని ఐస్ పెట్టెలో మాత్రం పెట్టకండి, లోపల తేమ పడుతుంది.