ఇంట్లో కరెంటు: అక్కచెల్లెళ్ళ ప్రశ్నలు, మా జవాబులు
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మేము ఏ సంఘం మీటింగుకు పోయినా, పొదుపు లెక్క, అప్పుల లెక్క అయిపోయాక మాట కరెంటు మీదికే మళ్ళింది. కొందరు లేచి అడిగారు, కొందరు "నవ్వుతారేమో" అని చెవిలో అడిగారు. అందులో నవ్వవలసిన ప్రశ్న ఒక్కటీ లేదు. కరెంటు సంగతి మగవాళ్ళకే తెలుసుననే మాట మాత్రం మాకు నవ్వు తెప్పిస్తుంది. మన దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు తెలుగావిడ, అయ్యలసోమయాజుల లలిత గారు. 15 ఏళ్ళకు పెళ్ళి, 18 ఏళ్ళకు భర్త పోయారు, చేతిలో నెలల పాప. ఆ తర్వాత మద్రాసు గిండీ కాలేజీలో చదివి 1943లో ఇంజనీరయ్యారు. భాక్రానంగల్ కరెంటు లైన్ల పనిలో ఆమె చెయ్యి ఉంది.

ఎక్కువమంది అడిగింది యూనిట్ అంటే ఏమిటని. వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఇస్త్రీపెట్టె మీద 1000 అని రాసి ఉంటే, అది వేడెక్కుతూ గంట కాలితే ఒక యూనిట్ అయినట్టు. 75 వాట్ల ఫ్యాను అదే యూనిట్‌తో 13 గంటలు తిరుగుతుంది. వేడి చేసే సామాను ఎప్పుడూ ఎక్కువ తాగుతుంది, తిరిగేవి, వెలిగేవి తక్కువ తాగుతాయి. అయితే ఫ్యాన్లు రోజంతా తిరుగుతాయి కదా, అక్కడే లెక్క తప్పుతుంది.

ఇంట్లోనే బట్టలు కుట్టే ఒక సభ్యురాలి లెక్క మేము కూర్చుని వేశాం. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు: నెలకు 81 యూనిట్లు. ఫ్రిజ్ 30. కుట్టు మిషను మోటారు రోజుకు ఆరు గంటలు నడిచినా 18. ఇస్త్రీ 30. టీవీ 12, ఎల్‌ఈడీ బల్బులు 8, మిక్సీ 4. మొత్తం 183. చలికాలం స్నానాలకు రాడ్డు పెట్టి రోజూ ఒక బకెట్ నీళ్ళు కాగబెడితే ఇంకో 15 కలిసి 198. అత్తగారింటి నుంచి చుట్టాలొచ్చి నాలుగు రోజులు ఉంటే 200 దాటినట్టే.

ఆ దాటడంలోనే ఉంది అసలు సంగతి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కే కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. కాదు, మొత్తం బిల్లు కట్టాలి. అదీగాక 200 దాటితే రేటే మారుతుంది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్లు చూడండి. 200 లోపల ఉంటే మొదటి వందకు యూనిట్‌కు 3.40, రెండో వందకు 4.80. దాటితే మొదటి 200కూ 5.10, ఆపైన 7.70. అంటే 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు, ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వేరే. ఒక్క యూనిట్‌కు వెయ్యి రూపాయలు! మన సంఘంలో ఎంతమందికి అది నెల పొదుపు కన్నా ఎక్కువో మీకే తెలుసు. అందుకే వారానికోసారి మీటరు అంకె క్యాలెండర్ మీద రాసుకోమంటున్నాం. 20వ రోజుకు 135 దాటితే అప్పుడే చెయ్యి బిగించొచ్చు. రీడింగ్ తీసే అబ్బాయి వచ్చాక చేసేదేమీ లేదు.

ఎక్కడ బిగించాలి? ఆ ఇంట్లోనైతే ఫ్యాన్ల దగ్గర. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు పెడితే నెలకు 48 యూనిట్లు మిగులుతాయి. ఒకేసారి కొనలేకపోతే ఎక్కువసేపు తిరిగేది ముందు మార్చండి. నీళ్ళ విషయంలో మాత్రం ఏ కంపెనీ ఏం చెప్పినా నమ్మకండి. 20 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 45కు తేవాలంటే దాదాపు అర యూనిట్ వేడి కావాలి. రాడ్డైనా, గీజరైనా, అది ప్రకృతి లెక్క. ప్లగ్గులో పెడితే బిల్లు సగం అవుతుందని అమ్మే డబ్బాలు కూడా అంతే. మన ఇళ్ళ మీటరు కొలిచే యూనిట్లను అవి తగ్గించలేవు, డబ్బు దండగ.

ఇక వోల్టు, ఆంపియర్. మిద్దె మీది ట్యాంకు ఎత్తు వోల్టు అనుకోండి, పైపులో పారే నీళ్ళు ఆంపియర్లు. రెండూ గుణిస్తే వాట్లు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యిని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. చిన్న సాకెట్ ఓర్చుకునేది 6. అందుకే ప్లగ్గు నల్లబడి ప్లాస్టిక్ వాసన వస్తుంది. దానికి పెద్ద 16 ఆంపియర్ సాకెట్టే కావాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు.

"తీగ మీద పిట్టకు ఏమీ కాదు, మాకెందుకు కొడుతుంది?" ఈ ప్రశ్న చైతన్యపురి మీటింగులో వచ్చింది. మాకు బాగా నచ్చింది కూడా. కరెంటు పారాలంటే పోయే దారి ఒక్కటే చాలదు, తిరిగొచ్చే దారి కూడా ఉండాలి. పిట్ట రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉంటాయి, దాని ఒంట్లోంచి ఇంకో చోటికి పోయే దారి లేదు. మనం తడి నేల మీద ఉత్తకాళ్ళతో నిలబడతాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు కనుక, భూమే తిరుగు దారి అవుతుంది. మధ్యలో తీగలాగా మనం.

ఒక సభ్యురాలి ఇంట్లో గ్రైండర్ ముట్టుకుంటే జివ్వుమనేది. ఇంటి ఓనరు "చెప్పులేసుకుని రుబ్బుకోమ్మా" అన్నాడట! సాకెట్‌కు మూడు రంధ్రాలున్నాయి గాని పెద్ద రంధ్రం వెనక తీగే లేదు. అదే ఎర్తింగ్. లోపల ఫేజు తీగ ఒరిసి ఇనుప ఒంటికి తగిలినప్పుడు కరెంటును మన మీదికి రానివ్వకుండా భూమిలోకి దింపేది ఆ ఆకుపచ్చ తీగే. హాస్టళ్ళకు, కోచింగ్ పిల్లలకు గది మీద గది వేసి అద్దెకిచ్చే మన ఏరియాలో ఇది చూసుకోకుండా ఇల్లు తీసుకోవద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఫేజుకూ ఎర్తుకూ మధ్య టెస్ట్ బల్బు వెలుగుతోందా అని అడగండి. మీరు చెయ్యి పెట్టొద్దు.

"ఎంసీబీ ఉంది కదా" అంటారు. ఎంసీబీ కాపాడేది తీగను, మనిషిని కాదు. అది 16 ఆంపియర్లు దాటితే గాని పడిపోదు. మనిషి గుండెకు 0.03 ఆంపియర్ దగ్గరే ముప్పు మొదలవుతుంది. అంటే ఐదు వందల రెట్ల తేడా. ఆ కొంచెం కారినా కనిపెట్టి కట్ చేసేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లది అడగండి. దాని మీద 'టి' అనే బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడాలి, పడకపోతే పాడైనట్టు.

వాన సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబర్‌లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో నీళ్ళు ఎంత దూరం వచ్చాయో చూశారు. నీళ్ళు గడప దాటకముందే మెయిన్ ఆపాలి. సెల్లార్‌లో మీటరుండి అప్పటికే నీళ్ళొచ్చి ఉంటే దిగకుండా 1912కు ఫోను చేయండి. 2025 ఆగస్టులో మన పక్కనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. వినాయకుడి బండి ఎత్తు ముందే కొలుచుకోమని బస్తీ పిల్లలకు మీరే చెప్పాలి. మెట్రో లైను మీది తీగ 25,000 వోల్టులు. దాని మీద పడిన గాలిపటం జోలికి ఏ పిల్లవాడూ పోకూడదు.

చివరగా ఒక ప్రతిపాదన. ఆర్‌సీసీబీ, బిగించే కూలీ కలిపి మూడు వేల దగ్గర అవుతుంది. గ్రైండరు, మిషను, ఇస్త్రీపెట్టె మీద బతికే సభ్యులకు దీనికి అంతర్గత అప్పు ఇవ్వాలని, ఆరు వాయిదాల్లో తీసుకోవాలని సంఘాలను కోరుతున్నాం. అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఇల్లు మారితే విప్పి పట్టుకుపోవచ్చు. వచ్చే నెల మీటింగుకు ప్రతి ఒక్కరూ పాత కరెంటు బిల్లు ఒకటి తెండి, యూనిట్ల లెక్క అక్కడే వేద్దాం.