గోడమీది గొంతు

ఎవరి పేరున ఏటా ఈ సభ జరుగుతోందో ఆయన నటులతోపాటు తెరలు కట్టేవాళ్ళనూ, కరపత్రాలు అచ్చువేసేవాళ్ళనూ నాటకంలో భాగస్తులుగానే లెక్కగట్టారు. అందుకని ఈసారి నటన సంగతి పక్కనపెట్టి, నాటక సంస్థ వీధిలో ఎలా కనబడాలన్న దాని గురించి మాట్లాడతాను.

నాకు తెలిసిన మంచి ఉదాహరణ న్యూయార్క్‌లో ఉంది. జోసెఫ్ పాప్ 1954లో షేక్‌స్పియర్ నాటకాల కోసం మొదలుపెట్టిన చిన్న బృందం 1962లో సెంట్రల్ పార్క్‌లోని డెలకోర్ట్ ఆరుబయలు రంగస్థలానికి చేరింది. అక్కడ నాటకం ఉచితం. 1967లో లాఫయెట్ వీధిలోని పాత ఆస్టర్ లైబ్రరీ భవనంలో 'హెయిర్' నాటకంతో ఇంకో ఇల్లు తెరిచారు. సంస్థతోపాటు పేర్లూ పెరిగాయి: న్యూయార్క్ షేక్‌స్పియర్ ఫెస్టివల్, పబ్లిక్ థియేటర్, డెలకోర్ట్. పార్కులో గడ్డిమీద కూర్చుని టికెట్టు కోసం కాచుకున్న మనిషికి, లాఫయెట్ వీధి హాలు కూడా వీళ్ళదేనని చెప్పే గుర్తు ఏదీ?

పోస్టర్లు లేక కాదు. 1975 నుంచి పాల్ డేవిస్ వేసిన వర్ణచిత్రాలు గోడలమీద వెలిగాయి. బొమ్మగా చూస్తే ఇవాళ్టికీ నా ఓటు ఆయనకే. కానీ ఆ అందం 'హామ్లెట్'ది, 'త్రీపెనీ ఒపెరా'ది, ఆ చిత్రకారుడి కుంచెది. రేపు ఆయన రాకపోతే సంస్థకు ముఖం లేదు.

పాప్ 1991లో పోయారు. 1993లో పగ్గాలు పట్టిన జార్జ్ సి. వుల్ఫ్, మరుసటి ఏడాది పెంటాగ్రామ్ డిజైన్ సంస్థకు చెందిన పౌలా షేర్‌ను పిలిచారు. ఆమె బొమ్మ జోలికి పోకుండా అక్షరాన్ని పట్టుకున్నారు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ప్రదర్శనల పోస్టర్లకు వాడిన చెక్క టైపే ఆమె ముడిసరుకు. ఆంగ్లంలో 'పబ్లిక్' ఆరు అక్షరాలు. మొదటిది బాగా లావు, ఆ తర్వాతవి క్రమంగా సన్నబడుతూ చివరిది పుల్లలా మిగులుతుంది. లావూ సన్నం అందరూ ఒకే మాటలో. నగరం గురించి అంతకంటే పొదుపుగా చెప్పడం కష్టం.

అసలు పని ఆ లోగో తర్వాత మొదలైంది. ఆ వేసవి 'మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్', 'టూ జెంటిల్‌మెన్ ఆఫ్ వెరోనా' పోస్టర్లలో మాటలు కాగితం అంచుదాకా, ఊరేగింపులో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి. 1995లో 'బ్రింగ్ ఇన్ ద నాయిజ్, బ్రింగ్ ఇన్ ద ఫంక్' వచ్చేసరికి నర్తకుడు సేవియన్ గ్లోవర్ చుట్టూ అక్షరాలే చిందేశాయి. ఆ నాటకం 1996లో బ్రాడ్వేకి వెళ్ళింది. ఆ అక్షరాల తీరు మాత్రం ఊరంతా పాకింది. ఎవరి ప్రకటన చూసినా అదే ధోరణి. అనుకరణ మెప్పే అనుకుందాం, కానీ సొంతదారుకు మిగిలేదేమిటి?

అందుకే ఆమె తన పనిని తానే మార్చుకుంటూ పోయారు. 2008లో లోగోను 'నాకౌట్' ఫాంటుతో మళ్ళీ గీశారు. దాని వెడల్పులకు బాక్సింగ్ తరగతుల పేర్లు పెట్టడం నాకు భలే నచ్చింది. అప్పట్నుంచి పార్కు నాటకాలకు ఏ వేసవికావేసవి కొత్త రూపు ఇస్తూ వచ్చారు. రంగు మారుతుంది, వరస మారుతుంది. కానీ అక్షరం గట్టిగా మాట్లాడాలన్న నియమం మాత్రం కదలదు. నాటక సంస్థకు కావలసింది ఇలాంటి నియమమేనని నా వాదన. నాటకం ప్రతిసారీ కొత్తది కాబట్టి, ఒకే ముద్రను అన్నిటిమీదా అతికిస్తే అది ఆఫీసు స్టాంపవుతుంది.

మన దగ్గర సంస్థను గుర్తుపట్టించే పనిని పేరే చేసిన సందర్భముంది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో వనారస గోవిందరావుతో మొదలైన నాటక కుటుంబం శాఖలుగా విడిపోయినా ఊరిపేరును వదల్లేదు. 1932 'భక్త ప్రహ్లాద' సినిమాలో నటించిన కమలాబాయిని ఇప్పటికీ సురభి కమలాబాయి అనే అంటాం. లోగో గీయకుండానే దక్కిన గుర్తింపు అది.

అయితే షేర్ పద్ధతిని తెలుగులోకి ఎత్తుకొస్తే కుదరదు. ఆంగ్ల పెద్దక్షరాలకు పైనా కిందా తోకలు దాదాపు ఉండవు, వరసమీద వరస సందు లేకుండా పేర్చవచ్చు. 'శ్రీకృష్ణ తులాభారం' అలా పేర్చి చూడండి. పైవరస వత్తులు కిందివరస దీర్ఘాల్లో చిక్కుకుంటాయి. మా డిజైనర్లు చాలామంది వత్తును చిన్నది చేసి తప్పించుకుంటారు. నాకది ఇష్టం లేదు, దూరంనుంచి చూసేవాడికి మాట మారిపోతుంది. వత్తునే పెద్దది చేసి, కిందివరసను దానికి దారి ఇచ్చేలా విరగ్గొడితే ఆ పోస్టర్ తెలుగుదని నాలుగు రోడ్ల కూడలి అవతలినుంచే తెలుస్తుంది.

ఏ నాటక సమాజమైనా నన్నడిగితే లోగోతోపాటు రెండు పేజీల సూచనలు కూడా ఇస్తాను. ఏ అక్షరం, ఎన్ని రంగులు, వత్తుకు ఎంత చోటు, ఫొటో ఎప్పుడు వద్దు. ప్రదర్శన ముందురోజు రాత్రి పదింటికి, ఫ్లెక్సీ కొట్టే కుర్రాడు నాకు ఫోన్ చేయకుండా వాటిని చూసి బ్యానర్ కట్టగలిగితే ఆ సూచనలు పనికొచ్చినట్టు. కట్టలేకపోతే వాటిని తిరగరాయాల్సింది నేనే.