జర్మన్‌టౌనులోని రాతి మందిరము



దైవసన్నిధి యనగానే మనకు గోపురము, గంట, ధ్వజస్తంభము మనస్సున మెదలును. గోపురముగాని శిఖరముగాని లేని యొక ఆరాధనాస్థలమును గూర్చి నేడు ముచ్చటింప దలచితిని. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జర్మన్‌టౌను అను పేట కలదు. అందలి పెద్దవీథి ప్రక్కను, 1770లో కట్టిన చిన్న రాతి కట్టడము మెన్నొనైటుల ప్రార్థనామందిరము. దారినపోవువాడు దానిని మోతుబరి రైతు ఇల్లనుకొన్నను తప్పులేదు.

ఎవరీ మెన్నొనైటులు? 1536లో రోమను మతాచార్యత్వమును విడిచిన మెన్నో సైమన్సు అను డచ్చివాని పేర నేర్పడిన క్రైస్తవులు. తెలిసి విశ్వసించిన పెద్దలకే బాప్తిస్మ మియ్యవలెననియు, ఒట్టు పెట్టుకొనరాదనియు, కత్తి పట్టరాదనియు వారి మతము. ఇందులకై ఎందరినో నీట ముంచియు, నిప్పున గాల్చియు చంపిరి. చాటుమాటున ప్రార్థించుకొన్న వారికి శిఖరములపై మోజెట్లు కలుగును? 1889లో రష్యానుండి వచ్చిన ఫ్రీసెను దంపతులు నల్లగొండలో పనిచేసినది మొదలు మన తెలంగాణమున సైతము ఈ మతము వారున్నారు.

1683లో జర్మనీలోని క్రేఫెల్డునుండి పదుమూడు కుటుంబములు వచ్చి ఈ పేటకు పునాది వేసినవి. చాలమంది నేతపనివారు. వారిలో పెక్కుమంది మెన్నొనైటు వంశములవారై క్వేకరు మతమున చేరినవారు. మెన్నొనైటుల తొలి బోధకుడు విలియం రిట్టెన్‌హౌసు. పాతగుడ్డ పేలికలతో కాగితము చేయుట ఆయన వృత్తి; ఆంగ్లేయుల అమెరికా వలసలలో మొదటి కాగితపు మిల్లు 1690లో స్థాపించినది ఆయనయే. 1708లో దుంగలతో మందిరము లేచెను. ఆ యేటనే ఆయన కన్నుమూసెను. ఆ దుంగల యింటి స్థానముననే నేటి రాతి కట్టడము నిలిచినది.

అందు భద్రపఱచిన పాత బల్ల యొకటి కలదు. 1688లో ఆ బల్లమీదనే నలుగురు జర్మన్‌టౌను వాసులు బానిసల వ్యాపారమునకు విరుద్ధముగా ఒక అర్జీపై సంతకములు చేసిరని పరంపరగా చెప్పుదురు. ఐరోపాలో మనస్సాక్షి కొఱకు జనులు బాధింపబడుచుండగా, ఇచట ఒంటి రంగు కొఱకు బాధింపబడుచున్నారని వారి మొఱ. తమ్మెవరైన దొంగిలించి అమ్మినచో సహింతురా యని వారు తోటి క్వేకరులను నిలదీసిరి. మన కచేరీలలో కాగితము ఒక బల్లనుండి మరియొక బల్లకు పోవునట్లే, అర్జీ చిన్న సభనుండి పెద్దసభకును, అచటినుండి వార్షికసభకును పోయెను. విషయము మిక్కిలి బరువైనదని యెవరును తీర్పు చెప్పరైరి. క్వేకరులు తమలో బానిసల నుంచుకొనుటను నిషేధించునప్పటికి 1776 వచ్చినది. ఎనుబదియెనిమిది సంవత్సరములు! ఆ నడుమ అమ్ముడైన వారి తలరాతకు ఆ సభలవారు బాధ్యులు కారనుట నాకు సాధ్యము గాదు.

మరుసటి యేడు, 1777 అక్టోబరు 4వ తేదీన, ఈ వీథిలోనే వాషింగ్టను సేనకును ఆంగ్లేయులకును యుద్ధము జరిగినది. మందిరపు శ్మశానవాటిక గోడచాటునుండి కాల్చిన తూటాకే ఆంగ్ల సేనాని ఆగ్న్యూ కూలెనని చెప్పుదురు. కత్తి పట్టని వారి గోడ తుపాకికి మఱుగైనది!

1854లో పేట నగరమున గలిసెను. అర్జీ కాగితము మాత్రము మఱుగునపడి 1844లో దొరికెను. మరల కానరాక పోయి, 2005లో ఫిలడెల్ఫియాలోని ఒక క్వేకరు మందిరపు భద్రపు గదిలో బయటపడినది.