రాతిలోని ఎముకలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు పాతికేండ్లు నిండిన ఈ శుభదినమున మొదట నా తప్పొకటి ఒప్పుకొందును. కొన్నేండ్ల క్రిందట ఈ అరుగుమీదనే ఒక బాలుడు పుస్తకములోని రాక్షసిబల్లి బొమ్మ చూపి, “మాస్టారూ, ఇవి మన దేశములో ఉండేవా?” అని అడిగెను. “అవి పరదేశపు జంతువులు నాయనా” అని తడుముకొనక చెప్పితిని. తరువాత గ్రంథములు తిరగవేయగా నా మాట పొరపాటని తెలిసెను.

చచ్చిన జంతువు ఏటి వండ్రులో పూడిపోయినచో మాంసము నశించును. ఎముకల సందులలో నీటిలోని ఖనిజములు చేరి, అవి క్రమముగా రాయియగును. ఇదియే శిలాజము. ఇంగ్లండులో ఇట్టి ఎముకలను పరీక్షించి రిచర్డు ఓవెన్ అను పండితుడు 1842లో ఆ జంతుజాతికి భయంకరమైన బల్లి అను అర్థము వచ్చునట్లు గ్రీకు మాటలతో పేరు కల్పించెను. డైనోసారు అను మాట అట్లు పుట్టినది.

మన గోదావరిలో కలియు ప్రాణహిత లోయలో 1961లో కలకత్తా గణాంకశాస్త్ర సంస్థవారు సుమారు 300 ఎముకలు త్రవ్వి తీసిరి. అవి కనీసము 6 జంతువులవి. ఒక తొడయెముక నిడివి 1.7 మీటర్లు, అనగా మనిషి నిలువెత్తు! అది రవీంద్రుని శతజయంతి వత్సరము. అందుచే 1975లో ఆ జంతువునకు ‘బారాపాసారస్ టాగోరై’ అని నామకరణము చేసిరి. ‘బారా పా’ అనగా వంగభాషలో పెద్ద కాలు.

1988లో పి. యాదగిరిగారు మరియొక దానికి ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరిడిరి. ప్రాణహిత ఒడ్డున కోట ఒక గ్రామము. నాటి ఆదిలాబాదు జిల్లాలో యామన్‌పల్లి మరియొకటి. ఆ పల్లెల పేర్లు నేడు ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కినవి. దాని అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రములో నిలిపియున్నారు.

మరి మన గుట్టలలో అవి ఏల దొరకవు? మన తూర్పు కనుమలలో విస్తారముగానున్న రాతికి, కొండలలోని ఖోండుల పేరున 1902లో ఖొండలైటు అని పేరు పెట్టిరి. అది సుమారు 100 కోట్ల ఏండ్ల క్రిందటనే భూగర్భపు వేడికి, ఒత్తిడికి రూపు మారినది. ఎముకలుగల జంతువులు అప్పటికి పుట్టనే లేదు. కావున మన రాళ్లు ఎముకలు చూపకపోవుట లోపము కాదు. అవి అంతకంటె ముసలివి.

అయినను ఏటి ఒడ్డునను గెడ్డగట్టునను తరువాతి కాలపు వింత ఎముకయేదైన బయటపడవచ్చును. దానిని పగులగొట్టక, చోటు గుర్తించి, తెలిసినవారికి చూపుడు. చోటు తెలియని ఎముక సగము మూగది.

ఆ బాలుడిప్పుడెక్కడనున్నాడో నాకు తెలియదు. ఆనాడు వానికి చెప్పవలసిన సమాధానము ఈ సంచికలోనైనను అచ్చుపడుచున్నందుకు సంతసించుచు, సెలవు తీసికొనుచున్నాను.