పఠన సేవాసంస్థ పాలకమండలిలో శిశువిద్యా నిపుణుల స్థానం

పిల్లలకు పుస్తకాలు అందించి చదువు మీద ఇష్టం కలిగించడానికి పనిచేసే సేవాసంస్థ భారతదేశంలో ట్రస్టుగానో, సొసైటీగానో, 2013 నాటి కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగానో నమోదవుతుంది. నమోదు ఏ రూపంలో ఉన్నా మూడు విషయాలను తేల్చేది పాలకమండలే. డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి? ఏ వయసు పిల్లల దగ్గరికి వెళ్లాలి? ఏడాది చివర దేన్ని విజయంగా లెక్కించాలి? మండలిలో సాధారణంగా దాతలు, ఆడిటర్లు, న్యాయవాదులు, విశ్రాంత అధికారులు, ప్రచురణకర్తలు ఉంటారు. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లలు ఎలా ఎదుగుతారో, ఎలా నేర్చుకుంటారో అధ్యయనం చేసిన శిశువిద్యా నిపుణులు అందులో చేరితే ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు మారతాయి.

మొదట మారేది వయసు గురించిన ఆలోచన. చదువు బడిలో అక్షరాభ్యాసంతో మొదలవుతుందన్నది చాలామంది నమ్మకం. న్యూజిలాండ్ విద్యావేత్త మేరీ క్లే 1966లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఈ నమ్మకాన్ని ప్రశ్నించింది. పుస్తకాన్ని ఎటు పట్టుకోవాలి, పేజీ ఎటు తిప్పాలి, కథ చెప్పేది బొమ్మలా అక్షరాలా అన్న ఎరుక పిల్లల్లో అక్షరాలు రాకముందే మొలకెత్తుతుందని ఆమె చూపించారు. ఆరు నెలల బిడ్డ పుస్తకాన్ని నోట్లో పెట్టుకుంటుంది. ఏడాది దాటాక మందమైన అట్టల పేజీలు తిప్పుతుంది. రెండేళ్లకు బొమ్మను వేలితో చూపి పేరు చెబుతుంది. మూడు నాలుగేళ్లకు విన్న కథను తన మాటల్లో తిరిగి చెబుతుంది. ఇవన్నీ చదువులో మెట్లే. ఆరేళ్ల లోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం పేర్కొంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు వయసును ఒకే పునాది దశగా ఆ విధానం గుర్తించింది. బడి పిల్లలకు మాత్రమే పుస్తకాలు పంచే సంస్థ ఈ దశలో సగాన్ని వదిలేస్తున్నట్టే.

రెండోది ఖర్చు. పుస్తకాలు అచ్చు వేయించి పంచడం కంటికి కనిపించే పని కాబట్టి బడ్జెట్‌లో పెద్ద భాగం దానికే పోతుంది. పెద్దలు పిల్లలతో కలిసి ఎలా చదవాలో నేర్పడానికి మిగిలేది కొద్ది మొత్తమే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన ప్రయోగం ఈ కేటాయింపు గురించి మళ్లీ ఆలోచింపజేస్తుంది. రెండు మూడేళ్ల పిల్లలున్న కుటుంబాలను వారు రెండు బృందాలుగా చేశారు. రెండు బృందాలూ ఇంట్లో పిల్లలకు చదివి వినిపించేవే. ఒక బృందంలోని తల్లిదండ్రులకు మాత్రం చదివే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. ‘ఇదేమిటి, ఏం చేస్తోంది’ అని అడగాలి. బిడ్డ చెప్పినదానికి ఇంకో మాట చేర్చి పెంచాలి. ఆ పెంచిన మాటను బిడ్డ చేత మళ్లీ అనిపించాలి. నాలుగు వారాల్లోనే ఈ బృందం పిల్లలు మాట్లాడే భాషలో ముందుకు వెళ్లారు. ఈ తేడా తెచ్చింది పుస్తకం చుట్టూ నడిచిన సంభాషణ. అందువల్ల అంగన్‌వాడీ కార్యకర్తలకు, తల్లులకు, తాతయ్యలకు, నాయనమ్మలకు ఇచ్చే శిక్షణను శిశువిద్యా నిపుణులు అదనపు ఖర్చుగా చూడరు. కార్యక్రమానికి గుండెకాయ అదే అంటారు.

పేరున్న పఠన సంస్థల చరిత్రలోనూ ఈ నైపుణ్యానికి చోటు ఉంది. 1989లో అమెరికాలోని బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో పిల్లల వైద్యులు, శిశువిద్యా నిపుణులు కలిసి ‘రీచ్ అవుట్ అండ్ రీడ్’ను ప్రారంభించారు. క్రమం తప్పకుండా జరిగే ఆరోగ్య పరీక్షకు బిడ్డను తెచ్చినప్పుడు డాక్టరే వయసుకు తగిన పుస్తకం చేతికిచ్చి, ఎలా చదివి వినిపించాలో తల్లిదండ్రులకు చెబుతారు. బడిలో ఇంకా చేరని బిడ్డ తప్పకుండా వచ్చే చోటు ఆసుపత్రి కాబట్టి ఆ మార్గాన్ని ఎంచుకున్నారు. బ్రిటన్‌లో ‘బుక్‌స్టార్ట్’ 1992లో బర్మింగ్‌హామ్‌లో 300 కుటుంబాలతో మొదలైంది. గ్రంథాలయాలు, ఆరోగ్య సిబ్బంది అందులో పాలుపంచుకున్నారు. ఫలితాలను విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. గాయని డాలీ పార్టన్ 1995లో టెనెసీలోని తన సొంత కౌంటీలో ప్రారంభించిన ‘ఇమాజినేషన్ లైబ్రరీ’ పుట్టిన బిడ్డకు అయిదేళ్లు వచ్చేవరకు నెలకో పుస్తకం ఇంటికి పంపుతుంది. ఏ నెల ఏ పుస్తకం వెళ్లాలో నిర్ణయించే సంఘంలో శిశువిద్య తెలిసినవారు ఉంటారు.

తెలుగు పిల్లల విషయంలో ఈ నైపుణ్యం మరింత అవసరం. అచ్చులు, హల్లులు, ఉభయాక్షరాలు కలిపి వర్ణమాలలో 56 అక్షరాలే అయినా గుణింతాలు, ఒత్తులు చేరితే బిడ్డ కంటికి కనిపించే ఆకారాలు వందల్లోకి వెళతాయి. తెలుగు లిపికి దగ్గరి చుట్టమైన కన్నడ లిపిని నేర్చుకునే పిల్లలపై పరిశోధకురాలు సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ అక్షరాలన్నీ పట్టుబడడానికి ఇంగ్లిష్ అక్షరమాల కంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. ప్రాథమిక తరగతుల్లో కొన్నేళ్లు గడిచినా ఆ నేర్పు సాగుతూనే ఉంటుంది. దీన్నిబట్టి మూడేళ్ల బిడ్డకు అక్షరాల పట్టిక ఇచ్చి బట్టీ పట్టించడం తొందరపాటే. ఆ వయసుకు పెద్ద బొమ్మలు, ప్రాసలు, పొడుపుకథలు, మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాలు కావాలి. సంయుక్తాక్షరాలు తక్కువగా, పెద్ద అచ్చులో, మాటకూ మాటకూ మధ్య చోటు వదిలి వేసిన పుస్తకాలు ఆ తర్వాతి మెట్టు. 2004లో బెంగళూరులో ఏర్పడిన ప్రచురణ సంస్థ ‘ప్రథమ్ బుక్స్’ 2015లో తెచ్చిన ‘స్టోరీవీవర్’ వేదిక కథలను నాలుగు స్థాయిలుగా విడదీసి, ఎవరైనా ఉచితంగా వాడుకునే లైసెన్సుతో తెలుగులోనూ అందిస్తోంది. పుస్తకాల కొరత తీరుతున్న కొద్దీ ఏ బిడ్డకు ఏ పుస్తకమన్న ఎంపికే పెద్ద పని అవుతుంది.

ఇంటి భాష మరో అంశం. కోయ, గోండి, సవర, కొలామీ, బంజారా మాట్లాడే ఇళ్లలోని పిల్లలకు తెలుగు పుస్తకం కూడా పరాయి భాషదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాష ఆధారిత బహుభాషా విద్యను మొదలుపెట్టింది ఈ కారణంగానే. మైదాన ప్రాంతం కోసం తయారుచేసిన పుస్తకాల మూటను ఏజెన్సీ అంగన్‌వాడీకి అలాగే పంపకూడదని మండలిలో పట్టుబట్టేవారు ఒకరైనా ఉండాలి.

మూడోది విజయాన్ని కొలిచే పద్ధతి. ఎన్ని పుస్తకాలు పంచామన్న లెక్క తేలిక, దాతలకు చూపడానికీ అనువు. పిల్లలకు ఏం దక్కిందో మాత్రం ఆ అంకె చెప్పదు. ఇంట్లో వారానికి ఎన్ని రోజులు ఎవరైనా చదివి వినిపిస్తున్నారు? బిడ్డ తానుగా పుస్తకం అందుకుంటోందా? కథ గురించి ప్రశ్నలు అడుగుతోందా? అంగన్‌వాడీలో పుస్తకాలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో తాళం పడి ఉన్నాయా? ఇవీ అడగవలసిన ప్రశ్నలు. వీటికి జవాబు రాబట్టడానికి చిన్నపిల్లలకు పరీక్ష పెట్టనక్కర్లేదు. ఇళ్లకు వెళ్లి చూడడం, తల్లిదండ్రులతో మాట్లాడడం సరిపోతాయి.

ఇదంతా సలహా సంఘంలో ఉండి చెప్పవచ్చు కదా అన్న వాదన ఉంది. సలహా సంఘం చెప్పిన మాటను మండలి వినవచ్చు, పక్కన పెట్టవచ్చు. ఓటు, తీర్మానం, బడ్జెట్ మీద సంతకం మండలి సభ్యులవే. అయితే ఆ హక్కుతో పాటు బాధ్యతలూ వస్తాయి. నిపుణులు తమ శాస్త్రంతో సరిపెట్టుకోకుండా జమాఖర్చుల పట్టిక చదవడం, ఆడిట్ అభ్యంతరాలు అర్థం చేసుకోవడం, పిల్లల రక్షణ నియమాలు అమలవుతున్నాయో లేదో చూడడం నేర్చుకోవాలి. తాము రాసిన పుస్తకాలనో తాము పనిచేసే శిక్షణ సంస్థనో ఎంపిక చేసే సందర్భం వస్తే ఆ సంగతి ముందే వెల్లడించి చర్చ నుంచి తప్పుకోవాలి. రోజువారీ పనిలో సిబ్బందికి అడ్డుపడకూడదు. సంస్థ వైపు నుంచి చేయవలసిందీ ఉంది. లెటర్‌హెడ్ మీద పేరు కోసం నిపుణులను చేర్చుకుని సమావేశాల్లో నోరు మెదపనివ్వకపోతే ఆ నియామకం అలంకారంగానే మిగులుతుంది.

పుస్తకాలు సేకరించగల దాతలు, పంచగల కార్యకర్తలు తెలుగునాట కరువు కాదు. ఆ పుస్తకం ఏ వయసు బిడ్డకు, ఏ భాషలో, ఎవరి గొంతుతో చేరాలో తేల్చగలవారు నిర్ణయాలు జరిగే చోట తక్కువ. పఠన సేవాసంస్థలు తమ పాలకమండలిలో ఈసారి ఖాళీ వచ్చినప్పుడు ఒక స్థానాన్ని శిశువిద్యా నిపుణులకు కేటాయించాలి.