దీవిని కట్టవచ్చు, ఊరిని కట్టగలమా?
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు మాట్లాడారు. నేను కొంచెం దూరం వెళ్లి మాల్దీవుల సంగతి చెబుతాను. విసుగనుకోకండి, చివరికి మన దగ్గరకే వస్తాను.

మాల్దీవులు సుమారు 1,200 చిన్న పగడపు దీవుల దేశం. అక్కడి నేలలో దాదాపు 80 శాతం సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తు కూడా ఉండదు. 1987లో పెద్ద అలలు వచ్చి రాజధాని మాలేను ముంచెత్తాయి. ఆ ఏడాదే వారి అధ్యక్షుడు గయూమ్ ఐక్యరాజ్య సమితిలో తమ దేశానికి పొంచివున్న ముప్పును ప్రపంచం ముందుంచారు. మాలేలో జనం కిక్కిరిసిపోయారు, బయట చూస్తే నేల లేదు. అందుకని 1997లో పక్కనే లోతు తక్కువ నీటిలో ఇసుక తోడిపోసి కొత్త దీవిని కట్టడం మొదలుపెట్టారు. దాని పేరు హుల్‌హుమాలే. ఎత్తు సుమారు రెండు మీటర్లు. 2004లో జనం కాపురాలకు వచ్చారు. 2015 నాటికి రెండో విడత ఇసుక నింపడం కూడా పూర్తయింది. 2018లో మాలే నుంచి వంతెన పడింది. ఇసుక తోడితే పగడపు దిబ్బలు దెబ్బతింటాయనే మాట నిజమే. అయినా నేలంటూ దొరికింది.

అయితే నేల దొరికితే ఊరు వచ్చినట్లేనా?

ఈ ప్రశ్న నన్ను 1981కి తీసుకువెళుతుంది. అప్పుడు నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన గుమాస్తాను. శ్రీశైలం జలాశయం ముంపు గ్రామాల జాబితాలు రాసే పని అప్పగించారు. ఇంటికింత, బావికింత, చింతచెట్టుకింత అని లెక్క కట్టాము. ఒక ముసలమ్మ నా రిజిస్టరు వైపు చూసి, "నాయనా, మా పక్కింటోళ్లు యాడికి పోతారో ఇందులో రాసినావా?" అని అడిగింది. నా రిజిస్టరులో ఆ కాలమ్ లేదు. వేలిముద్ర వేయించుకుని పంపేశాను. నలభై ఏళ్లు దాటినా ఆ మాట నన్ను విడిచిపెట్టలేదు.

ఆ ముంపులో పోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, తీసుకువచ్చి, ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఇప్పటికీ చూడవచ్చు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో లెక్క తప్పలేదు. మనుషుల విషయంలో నేను ఆ లెక్క రాయలేదు.

మాల్దీవులలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2004 డిసెంబరు 26 సునామీలో కందొల్హుదూ అనే దీవి నివాసయోగ్యం కాకుండా పోయింది. జనం వేర్వేరు దీవులలో తాత్కాలిక షెడ్లలో తలదాచుకున్నారు. సుమారు నాలుగేళ్ల తర్వాత, అంతవరకు ఎవరూ ఉండని దువాఫరు అనే దీవిలో రెడ్‌క్రాస్ సంఘాలు ఇళ్లు కట్టించగా, చెదిరిన ఊరు మళ్లీ ఒకచోట చేరింది. అది ఇసుక పోసి కట్టిన దీవి కాదు. కాని కొత్తగా దీవులు కట్టేవారందరూ నేర్చుకోవలసిన పాఠం అక్కడే ఉంది.

ఇక మన దగ్గరకు వస్తాను. ఉప్పాడ తీరంలో ఇళ్లు కడలిలో కలిసిపోవడం పత్రికలలో చూస్తూనే ఉన్నాము. రేపు ఎవరినైనా అక్కడినుంచి కదిలించవలసి వస్తే, ఆ ఫైలు మన పిల్లల బల్లల మీదకే రావచ్చు. మన ఇళ్లలో ఉద్యోగాలు చేస్తున్నవారికి నా విన్నపం ఒక్కటే: జాబితాలో పక్కింటివారి కాలమ్ కూడా ఒకటి గీయండి. పడవ ఎక్కడ కట్టుకుంటారు, వల ఎక్కడ ఆరవేసుకుంటారు, ఎవరి పక్కన ఎవరు ఉంటారు అని వారినే అడిగి రాయండి.

నేను రాయలేకపోయింది మీరు రాస్తే, ఆ ముసలమ్మకు నా బాకీ కొంతైనా తీరుతుంది.